విషాన్ని బంధించే పాలిమర్

ఉద్దేశం: ప్రజాజీవితానికి సంబంధించిన సమస్యను విజ్ఞానశాస్త్రం ఏ విధంగా పరిష్కరించడానికి యత్నిస్తున్నదో తెలియజేయడం, విద్యార్థులలో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

సిరిసిల్ల మరమగ్గాలపై నేతకు వచ్చే పాలియెస్టరు దారం ఒక పాలిమర్. చిన్న చిన్న అణువులు దండలోని పూసల వలె వరుసగా కలిసి ఏర్పడిన దీర్ఘాణువునే పాలిమర్ అంటారు. మన దేహంలోని ప్రోటీన్లు కూడా అమైనో ఆమ్లాలు కూర్చిన దండలే. మానవుడు తయారుచేసిన పాలిమర్‌తో, హాని చేసే ప్రోటీన్‌ను పట్టి బంధించగలమా? ఇది శాస్త్రజ్ఞుల ప్రశ్న మాత్రమే కాదు. పొలానికి వెళ్లే రైతుకు ప్రాణసంబంధమైన ప్రశ్న.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో వరి, పసుపు విస్తారంగా పండుతాయి. వానకాలంలో నాట్లు వేసేవారికి, రాత్రివేళ నీరు పెట్టడానికి వెళ్లేవారికి పాముకాటు భయం వెన్నంటే ఉంటుంది. 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారు. అంటే ఏటా సగటున 58 వేల మంది! వారిలో అత్యధికులు గ్రామీణులు. పాము విషంలో ప్రధానభాగం ప్రోటీన్లే.

ఈ విషానికి విరుగుడు 1890లలోనే రూపొందింది. గుర్రానికి విషాన్ని స్వల్ప మోతాదులలో ఎక్కిస్తే దాని రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయి. వాటిని శుద్ధిచేసి మందుగా వాడతారు. మన దేశంలో లభించే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలపై పనిచేస్తుంది. అయితే గుర్రపు ప్రోటీన్లు కొందరికి తీవ్రమైన ఎలర్జీ కలిగిస్తాయి. కనుక వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

ప్రతిరక్షకం శక్తి దాని ఆకృతిలో ఉంది. తాళానికి తగిన చెవి వలె అది విషానికి అతుక్కుంటుంది. ఆ ఆకృతిని పాలిమర్‌లో సృష్టించే ఒక పద్ధతి అణుముద్రణ. ఆదిలాబాదు ఓజులు మైనపు బొమ్మపై మట్టి అద్ది, మైనాన్ని కరిగించి, ఏర్పడిన బోలులో ఇత్తడి పోస్తారు. అదే రీతిలో లక్ష్యమైన అణువు చుట్టూ పాలిమర్‌ను పెంచి, ఆ అణువును తొలగిస్తే దానికి సరిపడే గుంట మిగులుతుంది. మళ్లీ అటువంటి అణువు ఎదురైతే ఆ గుంటలో చిక్కుకుంటుంది. 1972లో జర్మనీ శాస్త్రజ్ఞుడు గుంటర్ వుల్ఫ్, అనంతరం స్వీడన్‌లో క్లాస్ మోస్‌బాక్ ఈ విద్యకు పునాదులు వేశారు.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ షే, జపాన్ శాస్త్రజ్ఞుడు యు హోషినో బృందం 2010లో మరో మెట్టు ఎక్కింది. తేనెటీగ విషంలోని మెలిటిన్‌కు అచ్చుగా చేసిన నానోకణాలను ఎలుకల రక్తంలోకి ఎక్కించగా, అవి విషాన్ని బంధించి మరణాలను తగ్గించాయి. 2018లో షే బృందం తగిన అణువులను ఎంచి కూర్చిన నానోకణాలు, నాగుపాము జాతి విషాలను బంధించి, ఎలుకలలో చర్మం కుళ్లడాన్ని అరికట్టాయి. ఇటువంటి పాలిమర్లు రోగనిర్ణయానికీ తోడ్పడగలవు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలో చేరే ట్రోపోనిన్‌ను గుర్తించే సెన్సార్లపై పరిశోధనలు సాగుతున్నాయి.

ఎలుకలలో నెగ్గిన ప్రతి ప్రయోగమూ మనుషులకు మందు కాదు. రక్తంలోని వేలాది ప్రోటీన్ల నడుమ శత్రువును మాత్రమే పట్టాలి. దేహానికి హాని చేయరాదు. ఆ పరీక్షలన్నీ నెగ్గేవరకు పాముకాటుకు ఆసుపత్రిలోని విరుగుడే శరణ్యం. గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం, మంత్రగాని కోసం వేచి ఉండడం ప్రాణాంతకం. కాటుపడిన అవయవాన్ని కదల్చకుండా, 108 వాహనాన్ని పిలిచి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. రేపటి ఔషధం కోసం శాస్త్రజ్ఞుడు శ్రమిస్తాడు. నేటి ప్రాణాన్ని కాపాడేది మన వివేకమే.

పదాలు – అర్థాలు
ప్రతిరక్షకం: దేహంలో చేరిన హానికర పదార్థాన్ని బంధించే ప్రోటీన్
బోలు: లోపలి ఖాళీ
శరణ్యం: దిక్కు, ఆధారం

ప్రశ్నలు
1. అణుముద్రణ పద్ధతిని ఓజుల పోతపనితో పోల్చి వివరించండి.
2. పాముకాటుకు గురైనవారి విషయంలో చేయదగినవి, చేయరానివి ఏవి?