బట్ట కోయకముందే తెరమీద లాగ్ క్యాబిన్ బొంత

అతుకుల బొంత కుట్టడానికి కంప్యూటర్ ఎందుకు అని అడిగేవాళ్లకు నేను చూపించే నమూనా లాగ్ క్యాబిన్. 1860ల తర్వాత అమెరికాలో ఇంటింటా కుట్టిన బొంత ఇది. ఒక్కో గడిలో నడుమ చిన్న చదరం, దాని చుట్టూ దుంగలు పేర్చినట్టు సన్నని బట్ట పట్టీలు. నడిమి చదరానికి ఎర్ర బట్ట వేయడం ఆనవాయితీ, అది ఇంట్లో పొయ్యిమంటకు గుర్తని చెబుతారు. రెండు పక్కల పట్టీలు లేత రంగు, మిగిలిన రెండు పక్కలా ముదురు రంగు. దాంతో ప్రతి గడీ ఐమూలగా సగం వెలుగు, సగం నీడ అవుతుంది. గడులన్నీ ఒక్కటే, కానీ ఏది ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టి బొంత రూపమే మారిపోతుంది. కుట్టేశాక తిప్పలేం. తెరమీద ఎన్నిసార్లైనా తిప్పి చూడొచ్చు.

ఎలక్ట్రిక్ క్విల్ట్ లాంటివి ఈ పనికోసమే తయారైన సాఫ్ట్‌వేర్లు. వాటిలో గడుల నమూనాలు బోలెడు సిద్ధంగా ఉంటాయి, కానీ కొనుక్కోవాలి. మొదటి బొంతకు ఇంక్‌స్కేప్ చాలు. అది ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. గడిని మన చేత్తో మనమే గీస్తాం కాబట్టి కొలతలు కూడా వంటబడతాయి.

ఒక్కరు కప్పుకునే బొంత, 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు అనుకుందాం. ఫైల్ మెనూలో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి, యూనిట్ అంగుళాలకు మార్చి, పేజీకి ఇవే కొలతలు ఇవ్వండి. అక్కడే గ్రిడ్ పెట్టి, గీతల మధ్య దూరం 1 అంగుళం చేయండి. స్నాపింగ్ ఆన్ చేస్తే గీసిన ప్రతిదీ గ్రిడ్ గీతకు అతుక్కుంటుంది.

ఇప్పుడు పేజీ బయట, పక్కన, ఒక్క గడి గీయాలి. రెక్టాంగిల్ పరికరంతో 2 అంగుళాల ఎర్ర చదరం వేయండి. అంచు గీతను, అంటే స్ట్రోక్‌ను, తీసేయండి. అది ఉంటే దాని మందం కొలతలో కలిసి లెక్క తప్పుతుంది. చదరం పైన 2 అంగుళాల పొడవు, 1 అంగుళం వెడల్పుతో లేత పట్టీ, కుడి పక్కన 3 అంగుళాల లేత పట్టీ వేయండి. కింద 3, ఎడమన 4 అంగుళాల ముదురు పట్టీలు. ఒక చుట్టు పూర్తయింది. తర్వాతి చుట్టుకు 4, 5 లేతవి, 5, 6 ముదురువి. ఇలా నాలుగు చుట్లు తిరిగితే చివరి పట్టీ 10 అంగుళాలు వస్తుంది, గడి 10 అంగుళాల చదరమవుతుంది. 16 పట్టీలనూ నడిమి చదరాన్నీ కలిపి ఎంచుకుని కంట్రోల్, జి నొక్కి గుంపు చేయండి.

ఇక్కడ చాలామంది కాపీ, పేస్ట్ చేస్తారు. అలా వద్దు, ఎడిట్ మెనూలో క్లోన్ వాడండి. క్లోన్లకు మూలం ఆ పక్కన గీసిన గడే. అందులో ఒక పట్టీ రంగు మారిస్తే పేజీలోని గడులన్నిటిలో మారుతుంది. అడ్డంగా 6, నిలువుగా 8, మొత్తం 48 క్లోన్లు పరచండి. ఒక వరస పరిచి, ఆ వరసను డూప్లికేట్ చేస్తే పని త్వరగా తెములుతుంది.

ఇక తిప్పడం. మొదటి వరసలో ఒకటి విడిచి ఒకటి 180 డిగ్రీలు తిప్పండి, రెండో వరసలో మొదట వదిలిన స్థానాలవి తిప్పండి. ఇలా పూర్తి చేస్తే బొంత అంతటా ఏటవాలుగా లేత, ముదురు చారలు దున్నిన చాళ్లలా లేస్తాయి. ఇది స్ట్రెయిట్ ఫర్రో. ప్రతి నాలుగు గడుల ముదురు మూలలను ఒకచోట కలిపితే సన్‌షైన్ అండ్ షాడో. బొంత నట్టనడుమ ఉన్న నాలుగు గడుల ముదురు మూలలను మాత్రమే కలిపి, అక్కడి నుంచి బయటికి వెళ్తూ ప్రతి పక్క గడినీ ఎదురు దిక్కుకు తిప్పుకుంటూ పోతే ఒకదాన్నొకటి చుట్టుకునే వజ్రాకారాలు వస్తాయి. దాని పేరు బార్న్ రైజింగ్. ఇరుగుపొరుగు రైతులంతా చేరి ఒకరి కొట్టాన్ని లేపే పని పేరే ఈ అమరికకు వచ్చింది. నాకు మూడింటిలోనూ ఇదే ఇష్టం.

ఒక్క జాగ్రత్త. తిప్పడానికి రొటేట్ మాత్రమే వాడండి, ఫ్లిప్ జోలికి పోవద్దు. ఫ్లిప్ చేస్తే పట్టీలు చుట్టిన దిశ తారుమారై, కుట్టిన గడిని ఎటు తిప్పినా రాని బొమ్మ తెరమీద కనిపిస్తుంది.

రంగులు ఎంచాక వ్యూ మెనూలో గ్రేస్కేల్ చూడండి. ఎరుపు, ఆకుపచ్చ మామూలుగా ఎంత వేరుగా ఉన్నా, బూడిద రంగులో ఒకేలా కనిపిస్తే బొంతలో వజ్రాలు లేవవు. లాగ్ క్యాబిన్ నిలిచేది లేత, ముదురు తేడా మీదే. ఈ పరీక్ష నెగ్గిన తర్వాతే పూల డిజైన్ల గురించి ఆలోచించండి.

తెరమీద ఉన్నవి కుట్టు పూర్తయ్యాక వచ్చే కొలతలు. కోసేటప్పుడు ప్రతి అంచుకూ పావు అంగుళం కలపాలి. అంటే పట్టీ వెడల్పు ఒకటిన్నర అంగుళం, నడిమి చదరం రెండున్నర. పొడవులకు అర అంగుళం చొప్పున కలిపితే గడికి లేత పట్టీ 48, ముదురు పట్టీ 56 అంగుళాలు పడుతుంది. 40 అంగుళాల వెడల్పు బట్టలో 48 గడులకు లేతవి 58, ముదురువి 68 పట్టీలు కోయాలి. తరుగు కలుపుకుని లేతది రెండున్నర మీటర్లు, ముదురుది 3 మీటర్లు, ఎర్రది పావు మీటరు తీసుకోండి. అడుగు బట్ట, లోపలి దూది పొర వేరే.

మన ఇళ్లలో బొంతలకు వాడే పాత నూలు చీరలు దీనికి భేషుగ్గా పనికొస్తాయి. పట్టీలు సన్ననివి కాబట్టి చిరుగులను తప్పించి గట్టి చోటనే కోసుకోవచ్చు. ఎర్ర బట్టను మాత్రం ముందే విడిగా నానబెట్టి చూడండి, రంగు దిగితే పక్కనున్న లేత పట్టీలు పాడవుతాయి.

చివరగా అమరికను ముద్రించి, గడులకు అడ్డం, నిలువు వరసల నంబర్లు వేయండి. కుట్టిన ప్రతి గడికీ అదే నంబరు, పైవైపు చూపే బాణం గుర్తు రాసిన చీటీని గుండుసూదితో గుచ్చండి. వరసలు కలిపి కుట్టేదాకా ఆ చీటీలు తీయొద్దు.