గేటుంది, వాచ్‌మన్ ఉన్నాడు, బండి లేదు
ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బండ్ల గురించే. టెక్కలి, కాశీబుగ్గల్లో సొంత వాకిలి ఉన్న ఇళ్లు తగ్గి, కింద పార్కింగు పెట్టి పైన నాలుగంతస్తులు లేపుతున్నారు. వాకిట్లో ఉన్న బండికి ఇంటిల్లిపాదీ కాపలా. పార్కింగులో ఉన్న బండిని ఇంకెవరో చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

ప్రశ్న: మా గ్రూప్ హౌస్‌లో పన్నెండు ఫ్లాట్లు. కింద ఇరవై దాకా బండ్లుంటాయి. పక్క ఫ్లాటాయన బండి తెల్లారేసరికి లేదు. హ్యాండిల్ లాక్ వేసే పడుకున్నానంటాడు. నాది కొత్త బండి, వాయిదాలు ఇంకా కడుతున్నాను. ఏ తాళం కొనమంటారు? ఏటి చేస్తే నిద్ర పడతాది?
- ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: పక్కాయన అబద్ధమేమీ చెప్పి ఉండరు. హ్యాండిల్ లాక్ అంటే లోపల ఉండే చిన్న పిన్ను. బలమైన మనిషి చేతిలో అది ఎక్కువసేపు ఆగదు, పెద్దగా చప్పుడు కూడా రాదు. వేయడం మాత్రం మానకండి, అదొక్కటే చాలనుకోకండి.

దొంగకు మీ బండి మీద ప్రత్యేకంగా మోజేమీ ఉండదు. ఇరవై బండ్లలో ఏది తొందరగా కదులుతుందో చూసుకుంటాడు. స్ప్లెండర్, ప్యాషన్ లాంటి మామూలు బండ్ల మీదే వాళ్ల కన్ను ఎక్కువ. ఊరంతా అవే ఉంటాయి కనక రోడ్డెక్కితే ఎవరూ తలెత్తి చూడరు, విడదీసినా సామాను అమ్ముడుపోతుంది. ఖరీదైన బండి కాదు కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డిస్క్ లాక్ మంచిదే, చక్రం తిరగనివ్వదు. కానీ ఇద్దరు కలిస్తే వంద, నూటపాతిక సీసీ బండిని ఎత్తి ట్రాలీ ఆటోలో పడేయగలరు. కాబట్టి అసలు పని బండిని కదలని దానికి కట్టడం. మీ పార్కింగులో పిల్లర్లున్నాయి కదా! సైకిళ్లకు వాడే ప్లాస్టిక్ తొడుగు కేబుల్ పనికిరాదు. పది మిల్లీమీటర్ల మందానికి తగ్గని గట్టి ఉక్కు గొలుసు తీసుకోండి. వెనక చక్రంలోంచి దూర్చి, ఛాసిస్ రాడ్డును కూడా కలుపుకుని పిల్లర్ చుట్టూ తిప్పండి. ముందు చక్రానికి కడితే చక్రం విప్పి మీకు వదిలేసి మిగతాది పట్టుకుపోతారు. గొలుసు వదులుగా నేల మీద పడి ఉండకూడదు. నేలకానించి సుత్తితో కొట్టడం సులువు, గాల్లో వేలాడే గొలుసును కొట్టడం కష్టం. కప్ప తాళం వేశాక తాళంచెవి కన్నం కిందికి ఉండేలా తిప్పండి.

పిల్లర్ మరీ లావుగా ఉంటే, లేదా మీ వంతు చోటు దానికి దూరంగా ఉంటే, అసోసియేషన్‌తో మాట్లాడి నేలలో ఇనుప కొక్కేలు వేయించండి. గ్రానైట్ యూనిట్లకు పనిచేసే వెల్డింగ్ షాపులకు టెక్కలిలో కొదవ లేదు. యూ ఆకారంలో వంచిన మందపాటి రాడ్డు, రెండు కాళ్లూ కాంక్రీటులోకి దిగేలా. బండికి ఒకటి చొప్పున వేయించినా ఒక్కొక్కరి వంతుకు వచ్చేది మీ ఒక్క వాయిదాకు మించదనుకుంటాను.

మన వైపు ఇంకో బాధ ఉంది. భావనపాడు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కొత్తలో సాఫీగా తిరిగిన తాళం నాలుగు నెలలకు బిగుసుకుపోతుంది. రెండు రోజులు దానితో కుస్తీ పట్టి, మూడో రోజు వేయడమే మానేస్తాం. ఇత్తడి ఒళ్లున్న కప్ప కొనుక్కుని, నెలకోసారి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేయండి. గొలుసుకు పాత సైకిల్ ట్యూబు తొడిగితే బండి రంగు గీసుకుపోదు, గొలుసూ తొందరగా తుప్పు పట్టదు.

సీటు కింద దొంగ స్విచ్ పెట్టించుకోమని మెకానిక్ చెబుతాడు. పాత కార్బొరేటర్ బండికైతే సరే, దానికి రాత్రిళ్లు పెట్రోలు కాక్ కూడా కట్టేయొచ్చు. మీది కొత్తది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్-6 బండ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. వాటి వైరింగు కోయించుకుంటే వారంటీకి పేచీ వస్తుంది. ఏదైనా కావాలంటే షోరూమ్‌లోనే పెట్టించుకోండి. జీపీఎస్ పరికరం దొంగను ఆపదు, పోయాక ఎక్కడుందో చెబుతుంది. అందులో సిమ్ముకు రీఛార్జి అయిపోయిన సంగతి బండి పోయాకే తెలిసినవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: మావారు ఆర్మీలో, జమ్మూలో ఉన్నారు. ఆయన బండి నెలల తరబడి పార్కింగులోనే ఉంటుంది. నాకు నడపడం రాదు. కవరు కప్పి ఉంచాను. అది చాలా?
- ఒక పాఠకురాలు, కాశీబుగ్గ

జవాబు: కవరు దుమ్ముకు, ఉప్పుగాలికి మంచిదే అమ్మా. దొంగతనం విషయంలో మాత్రం ఎటైనా ఉపయోగపడుతుంది. లోపల ఏ బండి ఉందో తెలియదు, నిజమే. అయితే బండి తీసుకుపోయి కవరును పక్కనున్న పాత సైకిలు మీద కప్పేసి వెళితే, పోయిన సంగతి మీకు ఎన్నాళ్లకు తెలుస్తుంది? కవరు అంచులు కింద కట్టి, చక్రాలు కనబడేలా ఉంచండి. కూరగాయలకు దిగినప్పుడల్లా ఒకసారి చేత్తో తట్టి చూడండి.

పదిహేను రోజులకోసారి మీ తమ్ముడో మరిదో వచ్చి స్టార్టు చేసి, అలా రోడ్డు దాకా తిప్పి, నిలిపే తీరు మార్చి పెట్టాలి. ఆరు నెలలుగా కదలని బండి అని చూడగానే తెలిసిపోకూడదు. అంతకు మించి చాలాకాలం తీయరనుకుంటే మెకానిక్‌ను పిలిచి బ్యాటరీ విప్పించి ఇంట్లో పెట్టుకోండి. గొలుసు సంగతి పైన చెప్పాను. బండి తాళాలు రెండూ ఎక్కడున్నాయో ఇప్పుడే వెతకండి. ఒకటి జమ్మూలో ఆయన సంచిలో ఉంటే ఉండనివ్వండి, కానీ ఉన్నట్టు తెలియాలి. ఎందుకో ఇంకో జవాబులో చెబుతాను.

ప్రశ్న: నేను మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ కార్యదర్శిని. బండి పోయిన ఆయన నష్టపరిహారం మేమే ఇవ్వాలంటున్నారు. నాలుగు కెమెరాలున్నాయి, ఒక్కదాంట్లోనూ ముఖం కనబడలేదు. బండ్లు అడ్డంగా ఉంటే జరపడానికని కొందరు తాళాలు వాచ్‌మన్ దగ్గర వదులుతారు. మా బాధ్యత ఎంతవరకు?
- ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ముందు ఆ తాళాల గుత్తి తీయించేయండి. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్‌కు వచ్చిన అతిథి కారును, తాళంతో సహా సిబ్బందికి అప్పగించాడు. కారు పోయింది. ఆ తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బండినీ తాళాన్నీ చేతిలోకి తీసుకున్నాక జాగ్రత్త బాధ్యత హోటల్‌దేనని, చీటీ మీద ‘యజమాని బాధ్యతే’ అని అచ్చు వేసినంత మాత్రాన తప్పించుకోలేరని 2019లో కోర్టు తేల్చింది. మీ దగ్గర మామూలుగా ఎవరి బండి వాళ్లే పెట్టుకుని ఎవరి తాళం వాళ్లే పట్టుకెళ్తారు. చోటు ఇవ్వడం వేరు, బండిని అప్పగింత తీసుకోవడం వేరు. కాబట్టి మామూలుగా అసోసియేషన్ మీద పడేది తక్కువ. తాళం మీ వాచ్‌మన్ గూట్లో వేలాడుతూ ఉంటే మాత్రం ఆ మాట గట్టిగా అనలేరు. పైగా ఇన్సూరెన్స్ వాళ్లకు అదొక సాకు దొరుకుతుంది. నేల మీద పెయింటుతో గీతలు గీసి ఎవరి చోటు వారికి చూపించండి, అడ్డం పెట్టే అవసరమే రాదు. బిల్డరు ఫలానా పిల్లర్ల మధ్య చోటు నాకు అమ్మాడని ఎవరైనా అంటే, స్టిల్టు పార్కింగు అందరిదీ, దాన్ని విడిగా అమ్మే హక్కు బిల్డరుకు లేదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కెమెరాల సంగతి. నాలుగూ సీలింగుకు బిగించి ఉంటారు, అవునా? అక్కడినుంచి నడినెత్తి కనబడుతుంది, లేదా టోపీ. గేటు దగ్గర ఒక కెమెరాను మనిషి ఛాతీ ఎత్తులో, బయటికి పోయేవాళ్ల ముఖం పడేలా పెట్టించండి. రాత్రి హెడ్‌లైటు నేరుగా పడితే బొమ్మ తెల్లబోతుంది, కొంచెం పక్కకు తిప్పి ఉంచాలి. గేటు మీద ఒక బల్బు తెల్లవార్లూ వెలగాలి. రికార్డు చేసే పెట్టె వాచ్‌మన్ గదిలో ఉంటే దాన్నీ ఎత్తుకుపోవచ్చు. పై అంతస్తులో ఎవరింట్లోనైనా పెట్టండి, దానికి ఇన్వర్టరు లైను ఇవ్వండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. గంట కోతకే కళ్లు మూసుకునే కెమెరా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నెలకోసారి పాత రికార్డు తెరిచి ఎన్ని రోజులది ఉంటోందో చూడండి.

ఒక నోటుబుక్కులో ఫ్లాటు వారీగా బండి నంబర్లు రాయించండి. కాలేజీ పిల్లలు అద్దెకుండే చోట మనుషులు ఏటా మారతారు, వాళ్ల స్నేహితుల బండ్లు రాత్రిళ్లు ఉండిపోతాయి. తెలియని నంబరు కనబడితే అడిగే హక్కు వాచ్‌మన్‌కు ఉందని మీటింగులో అందరి ముందూ చెప్పండి. లేకపోతే ‘నువ్వెవరివి అడగడానికి’ అంటారు, ఆ తర్వాత అతను ఎవరినీ అడగడు.

ప్రశ్న: నా బండి మూడేళ్ల కిందట కొన్నది. అయిదేళ్లకు ఇన్సూరెన్స్ కట్టించుకున్నారు. పోయిన వారం పార్కింగులోంచి పోయింది. స్టేషన్‌కి వెళితే రెండు రోజులు వెతుక్కుని రమ్మన్నారు. డబ్బు వస్తుందా?
- ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: మీ ప్రశ్న చదవగానే గుండె కలుక్కుమంది. చాలామందికి ఇదే పొరపాటు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ల ఇన్సూరెన్స్ తప్పనిసరి చేశారు. కానీ ఆ అయిదేళ్లూ థర్డ్ పార్టీకి, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి. దొంగతనం సొంత నష్టం కిందికి వస్తుంది. మీరు కొన్నప్పుడు ఆ భాగం మొదటి ఏడాదికే ఉండి ఉంటుంది. పాలసీ కాగితంలో రెండు వేర్వేరు గడువు తేదీలుంటాయి, చూడండి. రెండోది ఏటా మీరు పొడిగించుకుంటూ వచ్చి ఉంటే డబ్బు వస్తుంది. లేకపోతే రాదు. ఇది చదువుతున్న మిగతావాళ్లు ఇప్పుడే లేచి బీరువాలో కాగితం తీసి చూసుకోండి. సొంత నష్టం భాగాన్ని విడిగా కొనుక్కోవచ్చు, 2019 సెప్టెంబరు నుంచి ఆ వీలుంది.

పాలసీ బతికి ఉంటే ఎంత వస్తుంది? కొన్న ధర కాదు, తరుగు పోగా మిగిలినది. రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు బండికి 30 శాతం, మూడు దాటి నాలుగు లోపు 40 శాతం తరుగు తీస్తారు. 80 వేల బండికి మూడో ఏడు 56 వేల లెక్క వేసుకోండి.

ఇక స్టేషన్. రెండు రోజులు ఆగమనడానికి చట్టంలో చోటు లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లో ఇచ్చినా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపినా సరే, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. అప్పటికీ కాదంటే ఫిర్యాదును రాతపూర్వకంగా శ్రీకాకుళం ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, గీతలు, సొట్టలు, స్టిక్కర్లు, అన్నీ రాయండి. నంబరు ప్లేటు మారిపోతుంది, ట్యాంకు మీద సొట్ట మారదు. బండి ఏ దారిన పోయి ఉండొచ్చో మీకు అనుమానముంటే అది కూడా రాయండి. జాతీయ రహదారి మీద మడపాం, బెల్లుపడ టోల్‌గేట్లలో బండ్లకు రుసుము లేకపోయినా కెమెరాలుంటాయి, వాటిని అడిగి చూడాల్సింది పోలీసులే.

అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోను చేసి, ఈ-మెయిలు కూడా పంపండి. ఆలస్యమైందని కంపెనీ తోసేస్తే వెంటనే నిరాశపడొద్దు. పోలీసులకు వెంటనే చెప్పి ఉంటే, కంపెనీకి చెప్పడంలో ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ తిరస్కరించకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కంపెనీ ఆర్‌సీ అడుగుతుంది, బండి దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదిక అడుగుతుంది, అప్పు ఉంటే ఫైనాన్సు వాళ్ల కాగితం అడుగుతుంది, తాళాలు రెండూ అడుగుతుంది. రెండో తాళం లేదంటే బండికే వదిలేశారేమోనని అనుమానిస్తారు. కాశీబుగ్గ అమ్మకు తాళాలు వెతకమన్నది ఇందుకే. నెల దాటినా కంపెనీ పలకకపోయినా, కాదన్నా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, రుసుము లేదు. ఈలోగా వాయిదాలు మాత్రం కట్టాల్సిందే. బండి పోయిందని అప్పు పోదు.

ప్రశ్న: పర్లాకిమిడి వైపు నుంచి ఒకాయన ఒడిశా నంబరు బండి సగం ధరకే ఇస్తానంటున్నాడు. కాగితాలు తర్వాత పంపుతాడట.
- ఒక పాఠకుడు, మెళియాపుట్టి

జవాబు: వద్దు. అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ లేకుండా ఇక్కడ మీ పేరు మీదికి ఎక్కదు. ఛాసిస్ నంబరును ఆర్‌సీతో మీ కళ్లతో సరిచూసుకోండి, చెక్కేసి మళ్లీ కొట్టిన గుర్తుంటే వేలికి గరుకు తగులుతుంది. దొంగ సొత్తని తెలిసో, తెలుసుకోదగ్గ కారణముండో కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద మూడేళ్ల దాకా జైలు. సగం ధర అన్నదే ఆ కారణానికి సరిపోవచ్చు.

ప్రశ్న: పోయిన నా బండి దొరికిందట. స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండుతోంది. ఎప్పుడిస్తారు?
- ఒక పాఠకుడు, మందస

జవాబు: అడగకపోతే అక్కడే తుప్పు పడుతుంది. కేసు తేలేదాకా బండ్లను స్టేషన్లలో ఏళ్లకేళ్లు పడేయొద్దని, ఫొటోలు, పంచనామా, పూచీకత్తు తీసుకుని యజమానికి ఇచ్చేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ పరిధి మేజిస్ట్రేటు కోర్టులో లాయరు చేత పిటిషన్ వేయించండి. సందర్భాన్ని బట్టి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497 గానీ 503 గానీ సెక్షన్ కింద వేస్తారు. అమ్మను, రూపం మార్చను, పిలిచినప్పుడు తెచ్చి చూపిస్తాను అని రాసివ్వాలి. ఇన్సూరెన్స్ డబ్బు ఈపాటికే తీసుకుని ఉంటే బండి మీది కాదు, కంపెనీది. వాళ్లకు చెప్పండి. బండి చేతికొచ్చాక ఇంటికి తీసుకెళ్లే ముందు షోరూమ్‌లో తాళాల సెట్టు మొత్తం మార్పించండి, వైరింగు చూపించండి.