మెమోలో ఉన్నదెంత, బెంగలో ఉన్నదెంత

జూనియర్ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. మార్చి వస్తే ఇప్పటికీ నా ఫోన్‌కు తీరిక ఉండదు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాళ్లే ఇప్పుడు ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు. "సార్, మావాడికి తొమ్మిది వందలు దాటకపోతే ఏం గతి?" అంటారు. ఏ సీటుకు తొమ్మిది వందలు కావాలమ్మా అని తిరిగి అడిగితే అవతల మాట ఉండదు. పిల్లల బెంగలో పెద్ద వాటా ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆ మార్కులు ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ పనికిరావో ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకని ధైర్యవచనాలు పక్కన పెట్టి, తెలిసిన లెక్కలు చెబుతాను. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదువుకోవడం మాత్రం మీ పని.

1. మీ సీటు ఏ మార్కును చూస్తుందో ముందు తెలుసుకోండి

తెలంగాణలో ఇంజనీరింగ్ సీటుకు ఇంటర్ వెయిటేజీని 2023లో తీసేశారు. ఈఏపీసెట్ ర్యాంకే లెక్క. ఇంటర్ పాసై, గ్రూపు సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం వస్తే అర్హత ఉన్నట్టే. 970 వచ్చిన అమ్మాయీ 720 వచ్చిన అబ్బాయీ ఆ గుమ్మం దగ్గర సమానం. మెడిసిన్‌కూ అంతే. నీట్‌లో 720కి ఎన్ని వచ్చాయన్నదే ప్రశ్న. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం ఉంటే జనరల్ వాళ్లకు సరిపోతుంది.

ఎన్ఐటీ సంగతి వేరు. జేఈఈ మెయిన్‌లో ఎంత మంచి ర్యాంకు వచ్చినా ఇంటర్‌లో 75 శాతమైనా ఉండాలి, లేదా బోర్డులో పైనున్న 20 పర్సెంటైల్‌లోనైనా ఉండాలి. అంటే ఆ దారిలో వెళ్లేవాళ్లకు ఇంటర్ మార్కులు ఒక గడప. దాటితే చాలు, ఎంత ఎత్తున దాటారని ఎవరూ అడగరు. 2013 నుంచి 2016 వరకు మెయిన్ ర్యాంకులో బోర్డు మార్కులకు 40 శాతం వాటా ఉండేది. అది పోయింది, కానీ ఆనాటి భయం మాత్రం కొందరు తల్లిదండ్రుల్లో ఉండిపోయింది.

ఇంటర్ మార్కులు నిజంగా పనిచేసే చోటు డిగ్రీ. తెలంగాణలో 2016 నుంచి నడుస్తున్న దోస్త్‌లో సీట్లు ఇచ్చేది ఆ మార్కుల మీదే. పేరున్న డిగ్రీ కాలేజీలో బీకాం గానీ, మంచి కాంబినేషన్‌లో బీఎస్సీ గానీ కావాలనుకునే పిల్లలు ఒక్కో మార్కు గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట డిగ్రీ స్థాయి కోర్సులకు సీయూఈటీ రాయాలి. ఆ పరీక్ష ఉందన్న సంగతే మన ఊళ్లలో చాలామందికి దరఖాస్తు గడువు దాటాక తెలుస్తోంది.

2. ఆంధ్రలో 25 శాతం వెయిటేజీ లెక్క

ఖమ్మం ప్రాంతంలో పనిచేశాను కాబట్టి అటూ ఇటూ రెండు రాష్ట్రాల పిల్లల్నీ చూశాను. ఆంధ్రప్రదేశ్‌లో కరోనా కాలంలో ఆపేసిన ఇంటర్ వెయిటేజీని 2023లో మళ్లీ తెచ్చారు. ఈఏపీసెట్‌కు 75, ఇంటర్‌కు 25. ఇది వినగానే "ఒక్క మార్కు పోయినా ర్యాంకు పోయినట్టే" అని పిల్లలు అనుకుంటారు. కాగితం తీసి లెక్క వేయండి.

పాత మార్కుల పద్ధతిలో ఎంపీసీ మొత్తం 1000. మొదటి ఏడు 470, రెండో ఏడు 530. అందులో వెయిటేజీకి తీసుకునేది గ్రూపు సబ్జెక్టులవి 600 మాత్రమే. సంస్కృతంలో 99 వచ్చినా 79 వచ్చినా ఇక్కడ తేడా లేదు. 600కి 25 పాయింట్లంటే, గ్రూపులో 24 మార్కులు పోతే తగ్గేది ఒక్క పాయింటు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 75 పాయింట్లు కాబట్టి ఒక పాయింటుకు దాదాపు రెండు ప్రశ్నలు. నార్మలైజేషన్‌తో కాస్త అటూ ఇటూ కావచ్చు. మార్చిలో పోయిన 24 మార్కుల్ని మేలో రెండు ప్రశ్నలు తిరిగి తెస్తాయి, పైగా అక్కడ నెగెటివ్ మార్కులు లేవు. మధ్య ర్యాంకుల్లో జనం గుంపుగా ఉంటారు, అక్కడ ఒక్క పాయింటు కూడా చాలా ర్యాంకులు జరుపుతుంది, కాదనను. కానీ పోయిన పేపర్ని తలుచుకుంటూ ఏప్రిల్ అంతా పాడుచేసుకునే పిల్లలకు ఈ లెక్క ఒకసారి చూపించండి.

3. పేపరు దిద్దే మనిషి ఎలా ఉంటాడో చెబుతాను

స్పాట్ వాల్యుయేషన్ క్యాంపు అంటే ఏప్రిల్ ఎండలో ఒక పెద్ద హాలు, చప్పుడు చేసే ఫ్యాన్లు, వరుసగా బల్లలు. పొద్దున ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట, రోజుకు 30 పేపర్లు. పేరూ కాలేజీ తెలియవు, ఉండేది కోడ్ నంబరు. పక్కన కీ. మనం వేసిన మార్కుల్ని చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పేపర్లలో మళ్లీ చూస్తాడు, స్క్రూటినైజర్ కూడికలు చూస్తాడు. మార్కులు కోయాలని కూర్చునేవాడెవడూ అక్కడ ఉండడు. కట్ట పూర్తిచేసి టీకి వెళ్లాలని కూర్చుంటాడు.

ఆ మనిషికి పని తేలిక చేసిన పిల్లలకు మార్కులు వస్తాయి. కెమిస్ట్రీ 60 మార్కుల పేపర్లో రెండు మార్కుల ప్రశ్నలు పది ఉంటాయి, ఛాయిస్ లేదు, ఇరవై మార్కులు. ఆ పదీ ఒకేచోట వరుసగా రాసిన పేపర్ని దిద్దేవాడు చకచకా టిక్ పెట్టుకుంటూ పోతాడు. ఒకటి ముందు, ఇంకోటి చివరి పేజీలో, మూడోది గ్రాఫు పక్కన దూరిస్తే వెతకాలి. వెతకడంలో ఒకటి దాటిపోవచ్చు. సమీకరణం రాసి బ్యాలెన్స్ చేయడం మరిచిపోయినా రాసినంతకు మార్కు ఉంటుంది. ఏమీ రాయకపోతే దయతలిచి వేద్దామన్నా వేయడానికి చోటుండదు.

చివరి పేజీల్లో ఉత్తరాలు కూడా ఉంటాయి. "సార్, మా నాన్న ఆటో నడుపుతాడు, ఫెయిలైతే పెళ్లి చేసేస్తారు, మీ చెల్లెలు అనుకోండి" అని. కొన్నింటికి వంద నోటు కుట్టి ఉంటుంది. వాటికి మార్కులుండవు. అయితే అది చదివాక ఆ పేపర్ని మొదటి పేజీ నుంచి ఇంకోసారి తిప్పి, దాటిపోయిన అరమార్కు ఏమైనా ఉందేమోనని చూడని లెక్చరర్‌ని నేను చూడలేదు.

4. రిజల్టు తప్పు కూడా కావచ్చు

2019 ఏప్రిల్ తెలంగాణ ఫలితాలు మరిచిపోదగ్గవి కావు. తెలుగులో సున్నా అని చూపించిన ఒకమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ఫెయిలైనవాళ్లందరి పేపర్లూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ చూపించాల్సి వచ్చింది. ఆలోపే పలువురు పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఏ ఏడాది ఫలితాలొచ్చినా నాకు ఆ ఏడాదే గుర్తొస్తుంది.

కాబట్టి తెర మీద కనిపించిన అంకె తుది తీర్పు కాదు. రీకౌంటింగ్ అంటే మార్కుల్ని మళ్లీ కూడటం. రీవెరిఫికేషన్ అంటే దిద్దకుండా వదిలేసిన జవాబు ఏదైనా ఉందేమో చూసి, పేపరు స్కాన్ కాపీ కూడా ఇవ్వడం. మొదటినుంచి మళ్లీ దిద్దడం రెండింట్లోనూ ఉండదు. బాగా రాశాననుకున్న సబ్జెక్టులో ఉన్నట్టుండి నలభై తగ్గితే రీవెరిఫికేషన్‌కు కట్టండి. 97 వచ్చి 98 రావాలంటే కట్టకండి, ఆ డబ్బుతో పిల్లకు చెప్పులు కొనివ్వండి.

5. పర్సెంటైల్ శాతం కాదు

"జేఈఈలో మావాడికి 98 సార్" అంటారు, 98 మార్కులన్నట్టు. పది లక్షల మంది రాస్తే 98 పర్సెంటైల్ వాడి ముందు ఇరవై వేల మంది ఉన్నారని అర్థం. ఇది తెలియక ముందు పండగ చేసుకుని, తర్వాత కౌన్సెలింగ్‌లో వాణ్ణి తిట్టే ఇళ్లు ఎన్నో. వాడు మారలేదు, అంకె కూడా మారలేదు.

6. ఫెయిలైతే ఏడాది పోయే రోజులు కావివి

మా కాలంలో ఫలితాలు పేపర్లో వేసేవారు. క్లాసుల వారీగా హాల్‌టికెట్ నంబర్లు, కంటికి కనీకనిపించని అచ్చు. నంబరు లేదంటే ఫెయిల్, ఊరంతటికీ ఒకేసారి తెలిసేది. సప్లిమెంటరీ రాసి పాసయ్యేసరికి కాలేజీల్లో క్లాసులు సగం అయిపోయేవి. ఇప్పుడు ఫలితాలొచ్చిన నెల రోజులకు అటూ ఇటుగానే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. అందులో పాసైతే అదే ఏడాది కౌన్సెలింగ్‌కు వెళ్లొచ్చు. మొదటి ఏడు మార్కులు పెంచుకోవాలన్నా అప్పుడే ఇంప్రూవ్‌మెంట్ రాయొచ్చు. తగ్గినా పాతవే ఉంటాయి, నష్టం లేదు.

2021 బ్యాచ్‌ను తలుచుకోండి. పరీక్షలే రద్దయ్యాయి. తెలంగాణలో మొదటి ఏడు మార్కులే రెండో ఏడుకూ వేశారు. ఆంధ్రలో పదో తరగతి మార్కుల నుంచి 30 శాతం, ఇంటర్ మొదటి ఏడు నుంచి 70 శాతం తీసుకున్నారు. ఆ పిల్లలు కూడా డిగ్రీలు పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరారు.

7. లాంగ్ టర్మ్ ఎవరి కోరిక?

నీట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండే సార్లు. కొద్దిలో సీటు తప్పిన పిల్లలకు, అదీ వాళ్లే అడిగితే, మళ్లీ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్ కోసం ఒక ఏడాది ఇవ్వడం సబబే. సగం మార్కులు కూడా రానివాణ్ణి, బయాలజీ పుస్తకం చూస్తే మొహం తిప్పుకునేవాణ్ణి, "డాక్టర్ కావాలని వాళ్ల తాత కోరిక" అంటూ హాస్టల్లో పడేయడం అన్యాయం. రెండోసారి లాంగ్ టర్మ్ విషయంలో నా మాట ఇంకా గట్టిగా ఉంటుంది: వద్దు. ఫిజియోథెరపీ, నర్సింగ్, వెటర్నరీ, అగ్రికల్చర్, ఫార్మసీ అని బైపీసీ పిల్లల ముందు దారులున్నాయి. వాటి గురించి రెండో ఏడాది మొదట్లోనే ఇంట్లో మాట్లాడుకుని ఉంటే, అప్పుడవి ఓడిపోయినవాళ్ల చదువుల్లా కనిపించవు.

8. ర్యాంకు రావడం ఒక ఎత్తు, వెబ్ ఆప్షన్లు ఒక ఎత్తు

సంవత్సరమంతా పిల్లను పొద్దున నాలుగింటికి లేపి చదివించిన తండ్రి, వెబ్ ఆప్షన్ల రోజు నెట్ సెంటర్ కుర్రాడికి పాస్‌వర్డ్ ఇచ్చి "నువ్వే పెట్టు బాబూ" అంటాడు. ఆ కుర్రాడికి పైన కనిపించిన పది కాలేజీలు పెట్టి తర్వాతి వాణ్ణి పిలవాలన్న తొందర. సీటు కేటాయింపు మీరిచ్చిన వరుసలోనే జరుగుతుంది. మొదటి ఆప్షన్ దొరికితే రెండోది చూడరు. అందుకని మనకు వస్తుందనుకున్నది పైన పెట్టకూడదు, మనకు కావలసింది పైన పెట్టాలి. రాదనుకున్నా పెట్టండి, పెట్టినందుకు కింద ఆప్షన్లకు నష్టమేమీ లేదు. నిరుటి చివరి ర్యాంకుల జాబితా దగ్గర పెట్టుకుని, కనీసం ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుని కాగితం మీద వరుస రాసుకోండి. కాలేజీకి వెళ్లి చూసి రండి, ల్యాబు తాళం తీసి ఉందా లేదా చూడండి. పదిహేను ఆప్షన్లు పెట్టి సీటు రాలేదని ఏడ్చినవాళ్లున్నారు, వంద పెట్టి నష్టపోయినవాళ్లు లేరు.

9. సర్టిఫికెట్లు

ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు ఫిబ్రవరిలోనే తీసి పెట్టుకోండి. జూన్‌లో మీసేవ దగ్గర క్యూ ఉంటుంది. ఫీజు బాకీ ఉంటే టీసీ దగ్గర కాలేజీ వాళ్లు తిప్పించుకుంటారు, ఆ సంగతి ముందే తేల్చుకోండి.

10. ఇంట్లోవాళ్లకు

పిల్లలు అన్నం సగంలో వదిలేస్తున్నా, నిద్రపోకపోయినా, "నేను లేకపోతే మీకు ఖర్చు తప్పుతుంది" లాంటి మాట నోట జారినా పరీక్షల తర్వాత చూద్దామనుకోకండి. ఆ రోజే పక్కన కూర్చుని సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి. టెలిమానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్లో ఉన్నవాళ్లకైతే ఆ నంబరు పుస్తకం అట్ట మీద రాసిచ్చి రండి.

ఇక చుట్టాలకూ పక్కింటివాళ్లకూ ఒక మనవి. ఫలితాలొచ్చిన రోజు ఎవరింటికీ ఫోన్ చేసి మార్కులెన్నని అడక్కండి. బాగా వస్తే వాళ్లే స్వీట్లు పట్టుకొస్తారు. రాకపోతే వాళ్లకు ఆ రోజు వేరే పని ఉంది: సప్లిమెంటరీ ఫీజుకు గడువు కొద్ది రోజులే ఉంటుంది.