పాత వాహనపు తలుపు రబ్బరులను మార్చు విధము

గత తొలకరిలో మేమొక సహకార సంఘమున వేరుశనగ విత్తనముల పంపకమును చూడబోయితిమి. సంఘమువారి పాత వాహనములో వచ్చిన బస్తాలలో వెనుక తలుపునానుకొని యున్న నాలుగింటి అడుగులు తడిసియుండెను. దారిలో కురిసిన వాన ఒక గంటకు మించలేదట. పైకప్పునకు చిల్లు లేదు. తలుపుచుట్టు నుండు రబ్బరు పట్టీ అణగి, పగిలి, క్రిందిమూలను తెగి వ్రేలాడుచుండెను. ఎవరును గమనింపక ఆ బస్తాలను మూడుదినములు అట్లే దొంతిపెట్టి యుంచిరి. మేము తడిగోనెలో మొలక పరీక్ష చేయించగా 100 గింజలకు 45 మాత్రమే మొలిచినవి. ధ్రువీకరణ పొందిన వేరుశనగ విత్తనము నూటికి 70కి తక్కువగాక మొలవవలెననియు, అందు తేమ నూటికి 9 పాళ్లు మించరాదనియు నియమము గలదు. ఆ బస్తాలు అందుకొనవలసిన సభ్యులు బయట అప్పుచేసి విత్తనము కొనిరి. ఈ పాఠము వ్రాయుటకు అదియే కారణము.

తడికంటె గొప్ప అపాయము మరియొకటి కలదు. వాహనము పరుగెత్తునపుడు దాని వెనుకభాగమున గాలి పలుచబడి, పొగగొట్టమునుండి వెలువడు పొగను వెనుకకే లాగుకొనును. వెనుక తలుపు రబ్బరు చెడినచో ఆ పొగ సందులలోనుండి లోనికి దూరును. అందలి కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత కలిగించి, మోతాదు మించినచో ప్రాణమునే తీయును. సంతకుపోవు పిల్లలను, ముసలివారిని వెనుక కూర్చుండబెట్టుట మనయూళ్ల వాడుక గనుక ఈ సంగతిని తేలికగా తీసికొనరాదు.

రబ్బరు చెడినదో లేదో తెలిసికొనుటకు మెకానిక్కు అవసరము లేదు. పాత వార్తాపత్రికలోని చీలికనొకదానిని తలుపునకు, చట్రమునకు నడుమనుంచి తలుపువేసి లాగుడు. బిగువుగా వచ్చినచో రబ్బరు పనిచేయుచున్నట్లు. జారి వచ్చినచో అచట పట్టు లేనట్లు. జానెడుకొకచోట ఇట్లు చూడవలయును. లేదా రబ్బరుపై సుద్ద పూసి తలుపు మూసి తెరచినచో, ఎదుటి రేకుపై సుద్దగీత ఎచట తెగినదో అచటనే సందు. నీళ్లతో పరీక్షించువారు ఒకరిని దీపముతో లోపల కూర్చుండబెట్టి, క్రిందినుండి మెల్లగా పైకి నీళ్లు పోయవలెను. పైనుండి మొదలిడినచో నీరు ఎచట దూరుచున్నదో తెలియదు.

రబ్బరు కొనకముందు రెండు చూడుడు. తలుపు తెరచి దాని కొనను చేతులతో పైకెత్తుడు. అది ఊగిసలాడినచో కీళ్లు అరిగినవి. తలుపు వ్రాలియుండగా క్రొత్త రబ్బరు వేయుట వృథా. రెండవది తలుపు అడుగునుండు చిన్న రంధ్రములు. కిటికీ అద్దపు సందునుండి తలుపులోనికి దిగు వాననీరు ఆ రంధ్రములగుండ బయటికి పోవలెను. మన బాటల దుమ్ముతో అవి పూడినచో నీరు నిలిచి లోపలికి ఊరును, రేకును త్రుప్పుపట్టించును. ఈ రంధ్రములను పుల్లతో పొడిచినంతనే బాగుపడిన వాహనమును మేమెరుగుదుము. యజమాని అప్పటికే రెండుమారులు రబ్బరు మార్చియుండెను!

విడిభాగముల అంగళ్లలో ఈ పట్టీని బీడింగు అందురు. పేరు చెప్పి కొనరాదు. పాతదానిలో అణగని చోటినుండి నాలుగంగుళముల ముక్కకోసి చూపి, అదే ఆకారము గలదానిని కొనవలెను. ఉబ్బు హెచ్చైనచో తలుపు పడదు; బలముగా వేయగా కీళ్లు చెడును. పొడవును దారముతో కొలిచి ఒక జానెడు అదనముగా తెచ్చుకొనుడు. ఇప్పటి పట్టీలు పెక్కులు ఈపీడీఎం అను కృత్రిమ రబ్బరుతో చేసినవి. అది ఎండకు, వానకు చక్కగా ఓర్చును గాని డీజిలు, ఇంజను నూనె, గ్రీజు తగిలినచో ఉబ్బి మెత్తబడును. మెరుపుకొరకై ఇంజను నూనె పూయు డ్రైవర్లు రబ్బరును తామే చంపుచున్నారు.

పాత పట్టీని గడపవద్దనుండు అతుకు దగ్గరనుండి లాగివేయవలెను. దాని క్రింద సాధారణముగా త్రుప్పు కనబడును. ఇచట తొందర కూడదు. తీగకుంచెతోను గరుకు కాగితముతోను త్రుప్పు రాల్చి, రెడాక్సైడు పూసి, ఆరిన పిదప రంగువేసి ఒక దినమాగుడు. వంగిన రేకుఅంచును పట్టకారుతో సరిచేయుడు. పాత జిగురును కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను.

పట్టీలు ముఖ్యముగా రెండు విధములు. లోపల రేకు పొదిగినది రేకుఅంచుపై నొక్కినంతనే పట్టుకొనును, దీనికి జిగురక్కరలేదు. రెండవది అతికించునది. దీనికి కొయ్యపనివాడలవాటుగా వాడు తెల్లజిగురు పనికిరాదు, తడికి ఊడును. రబ్బరునకు తగిన జిగురునే ఇరుప్రక్కల పలుచగా పూసి, వ్రేలికంటనంతవరకు ఆరనిచ్చి, పిమ్మట అదుమవలెను. ఏ విధమైనను పని గడప నడుమనే ఆరంభింపవలెను. అతుకు పైనుండినచో వాననీరు అందుండి దిగును. పట్టీని సాగదీయరాదు. సాగదీసినది కొన్ని దినములలో ముడుచుకొని మూలలను వదలును. మూలలయందు కొంచెము లోనికి నెట్టి కూరినట్లుగా అమర్చి, అరచేతితో తట్టుచు పోవలెను. చివర అర అంగుళము అదనముంచి నిటారుగా కోసి, రెండు కొనలను ఎదురెదురుగా ఒత్తి కూర్చవలెను.

క్రొత్త రబ్బరు వేసిన తలుపు మొదట గట్టిగా పడును. రాత్రియంతయు మూసియుంచినచో కొంత సర్దుకొనును. వారమైనను సర్దుకొననిచో, చట్రమునకుండు గడియపట్టు చుట్టును పెన్సిలుతో గీతగీసి, మరలు సడలించి దానిని నూలువాసి బయటికి జరుపుడు. పిదప కాగితపు పరీక్షను మరల చేయవలెను.

ఆ సంఘపు వాహనమునకు వెనుక తలుపు రబ్బరును మాత్రమే మార్పించితిమి. ముందు తలుపులవి సుద్దపరీక్షకు నిలిచినందున వచ్చు వేసవివరకు వాటి జోలికి పోలేదు.