ఛార్జింగ్ పెడితే నత్తనడకన సాగే వీఆర్ హెడ్‌సెట్: లోపం ఎవరిదో తేల్చడమెలా?

వేలకు వేలు పోసి పిల్లలకు కొనిచ్చిన వీఆర్ హెడ్‌సెట్ బ్యాటరీ మామూలుగా రెండు గంటలకు మించి రాదు. ఆట మధ్యలో ఆపలేక ఛార్జర్ తగిలించి ఆడితే చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఒక్కటే. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, తల తిప్పాక కాసేపటికి గానీ దృశ్యం తిరగదు, కళ్లు తిరిగి వాంతి వచ్చినట్టవుతుంది. అమ్మినవారిని అడిగితే మీ ఇంట్లో వైఫై బాగాలేదంటారు. కంపెనీని అడిగితే ఛార్జింగ్ పెట్టి ఎవరు ఆడమన్నారంటారు. ఈ రెండు జవాబుల్లో ఏదైనా నిజం కావచ్చు, రెండూ తప్పించుకునే మాటలూ కావచ్చు. అది తేల్చే ఆధారం కొన్నవారి చేతిలోనే ఉంటుంది. ఇంట్లో ఓపికగా చేసుకునే పరీక్షలే రేపు వినియోగదారుల కమిషన్ ముందు సాక్ష్యమవుతాయి. అవి చేయకుండా ఫిర్యాదు పెడితే, నిజంగా లోపమున్న కేసు కూడా బలహీనపడుతుంది.

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(10) ప్రకారం వస్తువు నాణ్యతలో, ప్రమాణంలో ఉండే కొరతే లోపం. ఆ ప్రమాణం చట్టం విధించినదైనా కావచ్చు, ఒప్పందం నుంచి వచ్చినదైనా కావచ్చు, వ్యాపారి తన వస్తువు గురించి ఏ రూపంలోనైనా చెప్పుకున్నదైనా కావచ్చు. మనకు పనికొచ్చేది ఈ చివరి మాటే. కేవలం బొమ్మ ఆగుతోందన్నంత మాత్రాన చట్టం దృష్టిలో లోపం కాదు. అట్టపెట్టె మీదో, ప్రకటనలోనో, అమ్మకపు పేజీలోనో ‘వైర్ లేకుండా కంప్యూటర్ ఆటలు ఆడుకోవచ్చు’, ‘ఛార్జ్ చేస్తూనే ఆడుకోవచ్చు’ అని చెప్పి, వారు చెప్పిన పరిస్థితులన్నీ ఉన్నా అది జరగకపోతే అప్పుడది లోపం. కాబట్టి కొన్న రోజే అమ్మకపు పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం బిల్లు దాచుకున్నంత అవసరం. ఆ పేజీ రేపు మారిపోవచ్చు.

ఇక సాంకేతిక సంగతి. వైర్‌లెస్ ఆటలో కంప్యూటర్ బొమ్మను తయారుచేసి, కుదించి, వైఫై మీద పంపుతుంది. హెడ్‌సెట్ దాన్ని విప్పి కళ్లముందు పెడుతుంది. సెకనుకు 90 బొమ్మలు చూపే పరికరంలో ఒక్కో బొమ్మకు దొరికే సమయం దాదాపు 11 మిల్లీసెకన్లు. ఈ పనితో చిప్ వేడెక్కుతుంది, అదే సమయంలో ఛార్జింగ్ వల్ల బ్యాటరీ కూడా వేడెక్కుతుంది. లిథియం అయాన్ బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. మే నెలలో దేవరుప్పుల లాంటి ఊళ్లలో బయటి ఎండే 40 డిగ్రీలు దాటుతుంది. వేడి హద్దు మీరగానే పరికరం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అది దాని తయారీలోనే ఉన్న రక్షణ. రెండో కారణం ఛార్జర్. మెటా క్వెస్ట్ 3 పెట్టెలో వచ్చేది 18 వాట్ల ఛార్జర్. కంప్యూటర్‌కు ఉండే పాత రకం యూఎస్‌బీ పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది రెండున్నర వాట్లే. దానికి తగిలిస్తే ఛార్జింగ్ గుర్తు కనిపిస్తూనే బ్యాటరీ దిగిపోతుంటుంది. మూడోది యూఎస్‌బీ 3 తీగలు, పోర్టుల నుంచి వెలువడే రేడియో రొద. అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెదరగొడుతుందని 2012లోనే ఇంటెల్ సంస్థ వివరించింది.

కాబట్టి ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు తీగ లేకుండా, అదే గదిలో, అదే ఆట ఆడండి. అప్పుడూ ఆగితే ఛార్జింగ్‌కూ దీనికీ సంబంధం లేదు. కంప్యూటర్‌ను రౌటర్‌కు లాన్ కేబుల్‌తో కలిపి, హెడ్‌సెట్‌ను 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టి మళ్లీ చూడండి. తర్వాత కంపెనీ ఇచ్చిన ఛార్జర్‌ను గోడ ప్లగ్గుకు తగిలించి, కూలర్ నడుస్తున్న గదిలో ఆడండి. అన్నిటికంటే విలువైన పరీక్ష ఇంకొకటుంది. వైఫై ఆపేసి, కంప్యూటర్ లేకుండా హెడ్‌సెట్‌లోనే ఉన్న ఆటను ఛార్జింగ్ పెట్టి ఆడండి. చల్లని గదిలో, కంపెనీ ఛార్జర్‌తో అక్కడా బొమ్మ ఆగుతోందంటే ‘మీ వైఫై బాగాలేదు’ అన్న వాదన అక్కడితో చెల్లదు. ప్రతి పరీక్షనూ తేదీ కనిపించేలా వేరే ఫోన్‌తో వీడియో తీయండి, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాసిపెట్టుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా గుర్తిస్తుంది. హెడ్‌సెట్‌ను మాత్రం విప్పకండి, వీధి చివర మెకానిక్ చేతిలో పెట్టకండి. చేతులు పడ్డ వస్తువని చెప్పడానికి కంపెనీకి మీరే అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ఛార్జింగ్‌లో వాడొద్దని పుస్తకంలో రాశాం కదా అని కంపెనీ అనవచ్చు. స్పష్టంగా రాసి ఉంటే అది బలమైన జవాబే, ఒప్పుకోవాలి. కానీ ప్రకటనలో ఒకటి చెప్పి, ఎవరూ చదవని చోట సన్న అక్షరాల్లో ఇంకొకటి రాస్తే, ఆ ప్రకటన తప్పుదోవ పట్టించిందన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడే ఒక తేడా గమనించాలి. చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం, అంటే 82 నుంచి 87 వరకు సెక్షన్లు, బొమ్మ ఇలా ఆగి ఆగి కదలడానికి, అంటే ల్యాగ్‌కు వర్తించవు. వస్తువు తనకు తాను చెడిపోవడాన్ని ఆ అధ్యాయం హానిగా లెక్కించదు. బ్యాటరీ ఉబ్బి పేలి మొహం కాలితే ఆ సెక్షన్లు పనికొస్తాయి. ల్యాగ్‌కు అడగాల్సింది సెక్షన్ 39 కింద మరమ్మతు, మార్పిడి లేదా డబ్బు వాపసు, నష్టం రుజువైతే పరిహారం.

వైఫై సంగతి కమిషన్ వాళ్లకేం తెలుస్తుందని ఇంకొకరు అనవచ్చు. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే, సెక్షన్ 38 కింద కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపుతుంది. ల్యాబ్ 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఆ రుసుమును ఫిర్యాదుదారు కట్టాల్సి రావచ్చు కాబట్టి ఇంట్లో చేసిన పరీక్షల బలం చూసుకుని ముందుకెళ్లడం మంచిది.

హెడ్‌సెట్ అమెరికాలో ఉన్న అన్నయ్య పెట్టెలో వచ్చినదైతే పరిస్థితి వేరు. బహుమతిగా వచ్చిన వస్తువును కొన్నవారి అంగీకారంతో వాడేవారూ వినియోగదారులేనని చట్టం అంటుంది. కానీ వారంటీని కొన్న దేశానికే పరిమితం చేసే షరతులు చాలా ఉంటాయి, అక్కడి దుకాణంపై ఇక్కడ ఉత్తర్వు తెచ్చుకున్నా అమలు చేయించడం కష్టం. అలాంటప్పుడు కొన్నవారే అక్కడ వారంటీ అడగడం దగ్గరి దారి. ఇక్కడి ఆన్‌లైన్ సంస్థలో కొంటే మాత్రం మీరు గట్టి నేల మీద ఉన్నట్టే. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. జాతరల్లో వీఆర్ ఆట పెట్టుకుని పొట్టపోసుకునే యువకుడికి కూడా దారి మూసుకుపోలేదు. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారన్నది నిజమే అయినా, స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొన్నవారిని చట్టం మినహాయించింది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చెప్పింది.

ఇంతా చేసి ఖర్చు, తిరుగుడు ఎవరు పడతారన్న అనుమానం సహజం. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే కమిషన్‌కు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. అమ్మినవారు హైదరాబాద్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా, దేవరుప్పుల, కడవెండి లాంటి ఊళ్లలో ఉండే వ్యక్తి తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చని సెక్షన్ 34 చెబుతోంది. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. ముందుగా 1915 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే బిల్లు, వీడియోలు జతచేసి కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు పంపండి. ఫోన్‌లో మాట్లాడిన మాటలకు కాగితం మీద ఆధారం ఉండదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడ్డ రోజు నుంచి మీకున్న గడువు రెండేళ్లు.