నడకయు, మాత్రయు

మధుమేహము ఒక్క దినమున పుట్టునది కాదు. దానికి ముందు అనేక సంవత్సరములు రక్తములోని చక్కెర మెల్లమెల్లగా పెరుగుచుండును. ఆ కాలములో నొప్పి యుండదు, జ్వరముండదు. కనుక మనుష్యుడు తాను ఆరోగ్యవంతుడననియే తలంచును. రక్తపరీక్షలో సంగతి బయలుపడిన దినమున అతడడుగు ప్రశ్న, “దీనికి మందేది?” అనునదే. “నేను మార్చుకొనవలసిన అలవాటేది?” అని అడుగువారు అరుదు.

పరిశోధనలు తెలుపునదేమి?

మధుమేహమునకు సమీపించిన 531 మందిని చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్, ఆయన సహచరులు నాలుగు గుంపులుగా చేసి మూడు సంవత్సరములు పరిశీలించి, ఫలితములను 2006లో ప్రకటించిరి. మొదటి గుంపునకు సాధారణ సలహా మాత్రమే లభించెను. రెండవ గుంపువారు దినమునకు 30 నిమిషములు నడచుచు, చక్కెరను, క్రొవ్వును తగ్గించిరి. మూడవ గుంపువారు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడిరి. నాలుగవ గుంపువారు రెండును పాటించిరి. మొదటి గుంపులో నూటికి 55 మందికి మధుమేహము వచ్చెను. తక్కిన మూడింటిలోను నూటికి సుమారు 40 మందికే వచ్చెను. మాత్ర వ్యర్థము కాదు. అయితే నడకకు మాత్రను చేర్చినందున అదనపు మేలు కనబడలేదు.

అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో ప్రకటింపబడిన పరిశోధనలో, వారమునకు 150 నిమిషముల నడకయు, మితాహారమును, బరువు తగ్గుటయు వ్యాధిని నూటికి 58 వంతులు తగ్గించెను; అదే మాత్ర 31 వంతులు తగ్గించెను.

కారణమేమి?

పనిచేయు కండరము రక్తములోని చక్కెరను తనలోనికి తీసికొనును. నడుము చుట్టు క్రొవ్వు పెరిగినకొలది ఇన్సులిన్ శక్తి సన్నగిల్లును. అది కరగినకొలది ఆ శక్తి తిరిగి హెచ్చును. అయితే ఈ మేలు నిలువయుండునది కాదు. నడక మానినచో కొద్ది దినములలోనే అది తగ్గిపోవును. కావున అలవాటు దినదినము చేయవలసినదే.

మనుష్యుడు దీనిని ఏల నిర్లక్ష్యము చేయును?

మందు ఫలము కంటికి కనబడును. నివారణ ఫలము కనబడదు. రాని వ్యాధికి, పోని కంటిచూపునకు, చెడని మూత్రపిండములకు ఎవరును లెక్క వ్రాయరు. అందుచేతనే “నెల దినములలో చక్కెర మాయము” అను ప్రకటనలకు జనులు సొమ్ము వెచ్చింతురు. సొమ్ము అక్కరలేని నడకను రేపటికి వాయిదా వేయుదురు.

ఒక హెచ్చరిక

మధుమేహము ఇదివరకే వచ్చినవారు అలవాట్లను నమ్మి, వైద్యుడు వ్రాసిన మందును తమంతట తామే మానరాదు. వారికి మందును కావలెను, అలవాటును కావలెను. రానివారికైతే ఈ దినమే తగిన సమయము: భోజనమున అన్నము కొంత తగ్గించి కూరలు, పప్పులు హెచ్చించుట, కాఫీ టీలలో చక్కెర మానుట, వేగముగా అరగంట నడచుట. వీటిలో కష్టమైనది ఏదియు లేదు. రేపును చేయుటయే కష్టము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. చెన్నై పరిశోధనలో నడకయు, మాత్రయు ఇచ్చిన ఫలితములు ఎట్లున్నవి?
2. నివారణ ఫలము ఎందుచేత కంటికి కనబడదు?
3. మీ ఇంటివారందరు కలిసి ఈ వారము ప్రారంభింపగల అలవాటు ఏది?