చెల్లె, ముందుగాల నీళ్ల ముచ్చట

చెల్లె, మొన్న ఫోన్ల నువ్వన్న మాట ఇంక నా చెవులల్లనే ఉన్నది. "పోరగాండ్లకు ఎడారి చూపియ్యాలె అక్కా, కారేసుకొని జైసల్మేర్ దాక పోదమా?" అన్నవు. సరే చూద్దాం అని ఫోన్ పెట్టిన గని, రాత్రి పండుకుంటే నిద్ర పట్టలే. హన్మకొండ నుంచి అంత దూరం పోవాలంటే పోను మూడు నాలుగు దినాలు, రాను అన్నే. పిల్లల సెలవులన్ని తొవ్వలనే ఒడుస్తయి. అమ్మ మోకాళ్ల నొప్పులతోని అన్ని దినాలు కారుల కాళ్లు ముడుచుకొని కూసుంటదా?

గందుకే ఒక మాట చెప్త, ఇను. జైసల్మేర్ కాడి ఎడారి పార్కు 3,162 చదరపు కిలోమీటర్ల జాగ. దాని పేరు చెప్పంగనే యాదికొచ్చేది బట్టమేక పిట్ట. మీటరు ఎత్తు నిలవడే బరువైన పిట్ట. లోకం మొత్తంల రెండు వందలు గుడ మిగల్లే. ఆ పిట్ట కోసమే మన తెలుగు నేల మీద గుడ 1988ల ఒక అభయారణ్యం పెట్టిన్రు, కర్నూలు అవతల నందికొట్కూరు దగ్గర, రోళ్లపాడుల. అంటే ఆ పిట్టకు కావాల్సిన నేల మన దగ్గర గుడ ఉన్నట్టే గదా. గడ్డి, ముండ్ల కంపలు, కన్ను ఆనినంత దూరం బయలు. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనపడుడు గగనమైపోయింది. దాని గురించి తలుచుకుంటే పానం చివుక్కుమంటది.

దేశంల బాగ తక్కువ వాన పడే జిల్లాలల్ల అనంతపురం ఒకటని చిన్నప్పటి సంది ఇంటున్నం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అటిటు. ఆ జిల్లాలనే హగరి వాగు పొంటి దర్గా హొన్నూరు అని ఊరున్నది. అక్కడ నిజంగనే ఇసుక దిబ్బలున్నయి. నువ్వు వెంటనే "అక్కడికే పోదం" అంటవని తెలుసు. వద్దు చెల్లె. అది పోయి ఫోటోలు దిగే చోటు గాదు. ఒకప్పుడు పంట పండిన చేన్ల మీద గాలి తెచ్చి పోసిన ఇసుక అది. రైతు గోస పడుతున్న కాడ మనం ఒంటె బొమ్మ టోపీలు పెట్టుకొని నిలవడుడు నా మనసుకు పట్టది.

దాని బదులు మనం గండికోటకు పోదం. పెన్న నది ఎర్రమల కొండలను కోసుకుంట పోయిన చోటు, కడప జిల్లాల జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్లు. మనకు ఐదు వందల కిలోమీటర్ల పైమాట, అంటే తొవ్వల ఒక రాత్రి ఆగి పోయే దూరం. అది మనకు పరాయిది గుడ గాదు. రుద్రమదేవి మీద తిరగబడ్డ కాయస్థ అంబదేవుడు ఏలింది ఆ సీమనే. మన ఓరుగల్లు కోట మాట అంత దూరం నడిచింది ఒక కాలంల.

ఇగ అసలు ముచ్చటకొస్త. నువ్వు కాయితం మీద రాసి పంపినవు గదా, ఏ పూట ఏం చూడాలె, ఎక్కడ తినాలె, ఎక్కడ ఫోటో దిగాలె అని. మంచిగనే రాసినవు. గని దాంట్ల ఆడోళ్లు ఒంటికి ఎక్కడ పోవాలె అన్నది ఒక్క కాడ లేదు.

నవ్వకు. ఆరేండ్ల కింద మేం గండికోటకు పోయిన ముచ్చట నీకు సగమే చెప్పిన, మిగిలిన సగం ఇప్పుడు చెప్త. ఏప్రిల్ ఆఖరుకు పోయినం, పిల్లల పరీక్షలు ఒడిసినయని. అదే మొదటి తప్పు. అమ్మ పొద్దుగాల నాలుగింటికి ఇంట్ల చాయ తాగి కారెక్కింది. జడ్చర్ల దాటినంక ఒక బంకుల ఆపినం. దొడ్డికి తాళం ఏసున్నది. తాళంచెయ్యి అడిగితే ఆ పిలగాడు మొఖం తిప్పుకున్నడు. అమ్మ ఏం మాట్లాడలే, మల్ల వచ్చి కూసున్నది. గప్పటి సంది సీసా ఇస్తే "దూప లేదు బిడ్డా" అన్నది. నేను నమ్మిన. నమ్ముడేంది, నేను గుడ అదే పని చేస్తున్న! మనకు చిన్నప్పుడే నేర్పిన్రు, బస్సు ప్రయాణం అంటే ముందటి రాత్రి నుంచే నీళ్లు తగ్గించాలె అని.

కోయిలకుంట్ల దాటినంక, మిట్ట మధ్యాహ్నం, అమ్మ మాట తడబడ్డది. నన్ను నీ పేరు పెట్టి పిలిచింది. చెయ్యి పట్టుకుంటే కాలుతున్నది, చెమట లేదు. కారు ఆపి వేపచెట్టు కింద పండవెట్టినం. పక్క చేనుల గుడిసె కాడి నుంచి ఒక ముసలమ్మ ఉరికొచ్చింది. ఏం అడగలే, ఎవలు ఏంది అనలే. అమ్మ జాకెట్టు హుక్కులు ఇప్పింది, కొంగు తడిపి మెడ మీద, చంకలల్ల అద్దింది, నా చేతికి విసనకర్ర ఇచ్చింది. అమ్మకు కొంచెం సోయి వచ్చినంక అప్పుడు కుండల నుంచి ముంతెడు మజ్జిగ తెచ్చి ఉప్పు కలిపి చెంచాతోని పోసింది. "ఒక్కపాలి పొయ్యొద్దు తల్లీ, గుటక గుటక" అన్నది. ఆ మనిషి పేరు గుడ అడగలే మేము. గంటకు అమ్మ కండ్లు తెరిచి చూసింది. దగ్గరి టౌన్ల డాక్టరు రెండు సెలైన్లు ఎక్కించి, "ఎండ సగం, నీళ్లు తాగకపోవుడు సగం" అన్నడు. నాకు ఇంటికొచ్చిన మూడో నాడు చలిజరం, ఒంటికి పోతే మంట. ఇన్ఫెక్షన్ తగ్గనీకె పది దినాలు పట్టింది. నీకు జరం అనే చెప్పిన, గంతే.

మనం చెరువుల ఊరోళ్లం చెల్లె. భద్రకాళి చెరువు కట్ట మీద పెరిగినం, ఎండకాలం వస్తే పాకాలకో లక్నవరానికో పోయినం. గణపతిదేవుని కాలం సంది మనకు నీళ్లు కండ్ల ముందటనే ఉన్నయి. గందుకే ఎండిన నేల మీద ఎట్ల మెసలాలెనో మన ఒంటికి తెల్వదు. అక్కడ చెమట గాలికి ఎప్పటికప్పుడే ఆరిపోతది, నీళ్లు పోతున్న సంగతే ఎరుకగాదు. దూప అయ్యేటాలకే ఆలస్యమైతది.

గందుకే ఈ పాలి ప్లాను మొత్తం తిరగేసి రాసిన. ముందు నీళ్లు, దాని వెంబడి దొడ్డి, ఆ రెండు కుదిరినంకనే చూసే జాగలు.

డిసెంబర్ల పోదం. రెండో శనివారానికి ఇంకో రెండు మూడు దినాల సెలవు కలుపుకుంటే సాలు. ఎండ మెత్తగుంటది, తెల్లారగట్ల చలిగుంటది, అమ్మకు శాలువ మర్వద్దు. మనిషికి దినానికి నాలుగు లీటర్ల లెక్కన ఐదుగురికి ఒక ఇరవై లీటర్ల క్యాన్ డిక్కిల ఉండాలె, ఎక్కడ ఆగితే అక్కడ నింపుకోవాలె. చేతికందే కాడ స్టీలు సీసాలు. ఓఆర్ఎస్ పొట్లాలు పది. గంటకొకపాలి గిలాసెడు నీళ్లు అందరు తాగాలె, అమ్మతోని సహా, నా ముందట. రెండు గంటలకొకపాలి బండి ఆగాలె, ఎవలికి అవసరం లేకున్నా. "ఎవలన్న దిగుతరా?" అని అడగొద్దు, అడిగితే అమ్మ వద్దంటది. ఆపి, నేనే ముందు దిగుత, నా ఎనక అమ్మ దిగుతది.

బంకుల నీళ్లు, గాలి, దొడ్డి ఉత్తగనే ఇయ్యాలె, డీజిల్ పోయించుకున్నా పోయించుకోకున్నా. అది రూలు. తాళం ఏసుంటే తాళంచెయ్యి గట్టిగనే అడుగుదం, ఆరేండ్ల కింద అడగనట్టు గాదు. బంకు లేని కాడికి గుడ ఉపాయం ఉన్నది. కారు రెండు తలుపులు తెరిచి, నడుమ పాత నూలు చీర కట్టి రెండు బట్టల క్లిప్పులు పెడితే అర్ర అయితది. చిన్న తట్ట, సబ్బు, కాయితపు సంచి. నీ బిడ్డకు ఇప్పుడు పన్నెండేండ్లు, ప్యాడ్లు నాలుగెక్కువనే పెట్టు. దానికి ఎవలి ముందట చెప్పకుండ అందేటట్టు ముందు సీటు ఎనక జేబుల పెట్టు.

కారుకు గూడ దూపైతది. కూలెంట్ చూపియ్యాలె, టైర్ల గాలి పొద్దుగాల చల్లగున్నప్పుడు చూసుకోవాలె, స్టెప్నీకి గుడ. ఫోన్ల 1033 రాసిపెట్టుకో, అది నేషనల్ హైవే మీద ఆపదొస్తే పిలిచే నంబరు. 108 నీకు తెల్సిందే.

తెల్లారగట్ల నాలుగున్నరకు బయలెల్లుదం. జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ కాడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే పట్నం లోపటికి పోయే పని లేదు, శంషాబాద్ కాడ దిగి కర్నూలు హైవే పట్టుడే. సర్వపిండి, చింతపండు పులిహోర ఇంటి నుంచి. పెరుగన్నం వద్దు, మధ్యాహ్నానికి పులుస్తది. బీచుపల్లి కాడ కృష్ణమ్మను చూస్తం. ఓపికుంటే అలంపురం మళ్లుదం, జోగులాంబ దర్శనం చేసుకొని నవబ్రహ్మల గుళ్లు చూద్దం. ఆ దినం కర్నూలుల్నే ఆగుదం. పోయినసారి ఒక్క దినంల గండికోట ముట్టాలని ఉరికినం, అదే ఆగమైంది.

తెల్లారి ఉగ్గాని, బజ్జీ తిని ఓర్వకల్లు తొవ్వ పట్టాలె. అక్కడ రాళ్ల తోట ఉన్నది, పిల్లలు ఒక గంటసేపు ఉరుకుతరు. బనగానపల్లె మీదుగ యాగంటి, ఆడికెల్లి బెలుం గుహలు. బెలుం గురించి నీకు గట్టిగ చెప్పాలె. 3,229 మీటర్ల పొడుగు గుహ అది. 1884ల రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఇంగ్లీషాయన రాసిపెట్టిండు, వందేండ్ల తర్వాత జర్మనీ వాళ్లు వచ్చి లోపట అంత కొలిచిన్రు. మనను పోనిచ్చేది కిలోమీటరున్నర దాక. బయట పొడి ఎండ, లోపట ఉక్క. అంగి ఒంటికి అతుక్కుంటది, ఊపిరి బరువైతది, లోపటికి గాలి గొట్టాలు పెట్టిన్రు. అమ్మను లోపటి దాక తీస్కపోవద్దు, మొదటి మెట్ల కాడ నేను అమ్మతోని కూసుంట. నువ్వు పిల్లలతోని పాతాళగంగ దాక పోయి రా. గోడలు చెయ్యేసి చూడు, నున్నగుంటయి, కడిగిన బోళ్ల తీరుగ. నీళ్లు పారి పారి చేసిన గోడలవి.

మన వంటింట్ల గ్యాస్ పొయ్యి పెట్టిన నల్ల బండ ఉన్నది గదా, కడప బండ. ఆ బండలు ఆ సీమవే. తొవ్వ పొంటి ఇండ్ల ప్రహరీలు గుడ బండలు నిలవెట్టి కట్టినవే. మొన్న పొయ్యి తుడుస్తుంటే ఆ ముసలమ్మ యాదికొచ్చింది. ఆమె గుడిసె ముంగట గుడ గసొంటి బండనే, దాని మీద నీళ్ల కుండ.

పొద్దుమూకెటాలకు గండికోట ముట్టాలె. టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉన్నది, ముందుగాలనే గది రాయించుకో. పొద్దుగాల ఐదున్నరకు పిల్లలను లేపు. లోయ మీదికి పోయేటప్పుడు చెప్పులొద్దు, బూట్లు. ఎర్ర బండలు రొట్టెల మీద రొట్టెలు పేర్చినట్టు అంచు దాక ఉంటయి, చాలా కాడ కంచె లేదు. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క పెద్ద మనిషి చెయ్యి. సెల్ఫీలు కూసోనే దిగాలె, నిలవడి గాదు. పొద్దు పొడుస్తుంటే ముందు ఎదుటి గోడ ఎర్రవడుతది, తర్వాత కింద పెన్న మెల్లగ పచ్చగ కనపడ్తది. పిల్లలు అరుస్తరు, అరవనియ్యి. అమ్మ మాత్రం పోయినసారి ఇది చూడలే, ఆస్పత్రి మంచం మీద పడుకున్నది. ఈ పాలి ఆమెకు ప్లాస్టిక్ కుర్చీ ఏసి కూసోవెట్టాలె.

కోట లోపల మసీదు, మాధవరాయని గుడి గోపురం, ధాన్యం కొట్టు చూసుకుంట నిమ్మలంగ తిరుగుదం. 1650 దాపుల పెమ్మసాని వాళ్ల చేతుల నుంచి గోల్కొండ మీర్ జుమ్లా గుంజుకున్న కోట ఇది. మసీదు పక్కన కోనేరు ఉన్నది, అక్కడ జరసేపు కూసుందం. నాకు గోపురం కంటె అదే ఇష్టం. అంత బండ మీద, అంత ఎత్తుల, జనం కోసం నీళ్లు ఆపిపెట్టుకున్నరు.

తిరిగొచ్చేటప్పుడు కోయిలకుంట్ల తొవ్వలనే వద్దం. వేపచెట్టు నేను గుర్తుపడ్త. రెండు చీరలు, సకినాల డబ్బ ఒకటి ఆ ముసలమ్మకు పెట్టిన. ఉన్నదో లేదో, ఆరేండ్లాయె. లేకుంటే ఆ ఇంట్ల ఎవలుంటే వాళ్లకు ఇస్త.

క్యాన్ నేను రేపు బజార్ల తెస్త. నువ్వు అమ్మను అడుగు, ఆ పాత బచ్చలిపండు రంగు నూలు చీర ఏ పెట్టెల పెట్టిందో. పొడుగు మంచిగుంటది దానికి, రెండు తలుపులకు సరిపోతది.